వాదీకి ఇవతల

బస్సు ఆపమన్నది నేనే. ఆపించాక ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు.

ఎదురుగా రోడ్డు పల్లంలోకి దిగి, వాదీని అడ్డంగా దాటి, అవతల మళ్లీ పైకి ఎక్కుతోంది. వాదీ అంటే ఇక్కడ ఏరే. కాకపోతే ఏడాదిలో చాలా రోజులు గులకరాళ్లు తప్ప ఇంకేమీ కనిపించని ఏరు. పొద్దున మేము ఇదే దారిన కొండమీది ఊటల దగ్గరికి పిక్నిక్‌కి వెళ్లినప్పుడు అందులో చుక్క నీళ్లు లేవు. ఇప్పుడు రోడ్డు మీదుగా పారుతున్నాయి. ఎక్కువేం కాదు, మోకాలి కిందికే. లోతు తెలియడానికి రోడ్డు పక్కన పాతిన రంగుల కంబాల్లో అడుగు భాగం మాత్రమే తడిసింది. తల మీద ఆకాశం శుభ్రంగా, నీలంగా ఉంది. వెనక, మేము దిగి వచ్చిన కొండల మీద మాత్రం నల్లటి మబ్బు కదలకుండా కూర్చుంది.

“మేడమ్, జానా హై కి నహీ?” అన్నాడు డ్రైవర్ గులాం నబీ. వెళ్లాలా వద్దా అని. చిరాకును దాచుకోవడానికి స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. మమ్మల్ని దింపేశాక అతనికి ఇంకో ట్రిప్పు ఉంది.

“రుకో,” అన్నాను. నా హిందీ అంతకు మించి సాగదు. ధైర్యమూ అంతే.

మాది ఒమన్‌లో, మబేలాలో ఒక చిన్న తెలుగు క్రైస్తవ సహవాసం. అందరం కోస్తా వాళ్లమే. సగంమంది నర్సులం, మిగిలినవాళ్లు నర్సుల భర్తలు, పిల్లలు. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. ఈస్టర్ వెళ్లాక ఒక శుక్రవారం పిక్నిక్‌కి వెళ్లడం అలవాటు. ఆ పిక్నిక్‌కి ఇన్‌ఛార్జిని ఎంచుకోవడానికి మాలో ఒక పద్ధతి ఉంది. ఆ నెలలో ఎవరికి నైట్ డ్యూటీలు పడలేదో వాళ్లే ఇన్‌ఛార్జి. తెలివి, అనుభవం, పెద్దరికం ఇవేవీ చూడరు, రోస్టర్ చూస్తారు. ఈ ఏడు ఆ కిరీటం నా నెత్తిన పెట్టారు. బిర్యానీ ఎక్కడ చెప్పాలి, ఎవరు ఎక్కారు, ఎవరు ఇంకా దిగలేదు, వాంతులయ్యే పిల్లలకి సంచులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఇదీ నా నాయకత్వం. నలుగురిలో గొంతు పెగలని మనిషిని నేను. ఇంట్లో అయినా, చర్చిలో అయినా, ఆసుపత్రిలో అయినా ‘మీ ఇష్టం’ అనేది నా ఊతపదం. పనులు దానితోనే చక్కగా జరిగిపోతుండేవి.

బస్సు నా పేరు మీద బుక్ అయింది. అందుకని గులాం నబీ నా మాట తప్ప ఎవరి మాటా వినడు. ఆ ఒక్క కారణాన బస్సెడు మంది ప్రాణాలు నా నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి. అరచేతులు చెమట పడుతుంటే చున్నీకి తుడుచుకుని, ఎవరైనా చూశారేమో అని వెనక్కి తిరిగాను. అందరూ చూస్తున్నారు.

“ఏంటమ్మా జ్ఞానం, బండెందుకు ఆపేసేవు?” అంటూ ప్రసాద్ బాబు గారు ముందుకొచ్చారు. మా సహవాసానికి పెద్ద ఆయన. ల్యాబ్ టెక్నీషియన్‌గా ఒమన్ వచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్న మనిషి. ఎవరికి వీసా కష్టం వచ్చినా, ఎవరికి పురుడొచ్చినా ముందు ఆయనే వెళ్తారు. మేమంతా అన్నయ్యా అని పిలుస్తాం. జ్ఞానాంబ అనే నా పేరును సగం చేసి పిలిచే హక్కు ఆయనకొక్కరికే ఉంది.

“నీళ్లు పారుతున్నాయి అన్నయ్యా. కొండ మీద వాన పడతన్నట్టుంది. మధ్యాహ్నం ఫోన్లకి హెచ్చరిక కూడా వచ్చింది కదా.”

ఆయన వంగి అద్దంలోంచి చూసి నవ్వారు. “ఇయ్యి నీళ్లా? గోదాట్లో లంకలో పుట్టినోణ్ణి నేను. మొదటి హెచ్చరిక ఇత్తారు, రెండో హెచ్చరిక ఇత్తారు, మనం గొడ్డూ గోదా గట్టెక్కించుకుని, అన్నం తిని, ఓ కునుకు తీసేక వత్తాది వరద. మన పంటకాలవ నయం దీనికన్నా. పోనిమ్మను.”

బస్సంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో “జ్ఞానాంబక్కకి బకెట్లో నీళ్లు చూసినా భయమే” అన్నారు. ఇంకా నవ్వారు.

ఆయన తెలివితక్కువగా మాట్లాడలేదు. అసలు చిక్కంతా అదే. మా గోదావరి వాళ్లకి నీళ్లు తెలుసు. మాది అమలాపురం దగ్గర. వరద గుమ్మం దాకా రావడానికి ఎంత తీరిక తీసుకుంటుందో నేనూ పుట్టినప్పటి నుంచీ చూశాను. మా అమ్మ నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూసుకుంటూ పొయ్యి మీద పులుసు దించేది. ఇప్పుడు ఈ మోకాలి లోతు నీళ్లు చూస్తే నా కాళ్లు కూడా ‘ఇదొక నీళ్లా’ అంటున్నాయి. వంతెన లేని చిన్న కాలువల్ని చీర ఎత్తి పట్టుకుని దాటిన కాళ్లవి.

కానీ నేను క్యాజువాల్టీలో పనిచేస్తాను. కిందటేడు ఒక తండ్రినీ కూతుర్నీ వాదీలో కొట్టుకుపోయిన కారులోంచి తీసి మా దగ్గరికి తెచ్చారు. ఆ పిల్ల గొంతులోంచి బురద తీసింది నేనే. తీస్తూనే ఉన్నాను, వస్తూనే ఉంది. వాళ్లున్న చోట వాన పడనే లేదట. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ తెలియలేదట. ఇది బస్సులో ఎలా చెప్పను? చిన్నపిల్లలున్నారు. చెబితే భయపెట్టినట్టు, చెప్పకపోతే భయపడినట్టు.

“అక్కా.” సెలిన్ వచ్చి నా సీటు పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. “అక్కా, నాకు నైట్ డ్యూటీ. మర్చిపోయారా?”

ఎలా మర్చిపోతాను? సెలిన్ మా ఆసుపత్రిలోనే ఐసీయూలో చేరింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆలస్యంగా వచ్చినందుకు అప్పటికే రెండు మెమోలు తీసుకుంది. ఇంకోటి వస్తే ఇంటికి పంపించేస్తామని నర్సింగ్ సూపర్‌వైజర్ ముఖం మీదే చెప్పింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసాతో పాటు అంతా పోతుంది. అందుకే పిక్నిక్‌కి రానంది. ‘సాయంత్రానికి హాస్పిటల్ గేటు దగ్గర దింపే పూచీ నాది’ అని బతిమాలి ఎక్కించింది నేనే. ఒంటరిగా రూమ్‌లో ఉండి ఏడుస్తోందని జాలిపడ్డాను. నా జాలి ఆమెను ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది.

“వేరే దారి లేదా?” అని గులాం నబీని అడిగాను. కొండ మీదుగా ఒకటి ఉందట, బస్సులు వెళ్లవట.

ఇంతలో మా పక్క నుంచి ఒక పికప్ బండి హారన్ కొట్టుకుంటూ దిగిపోయింది. వెనక మేకలున్నాయి. నీళ్లను రెండు పక్కలకీ చిమ్ముతూ వెళ్లి, అవతల గట్టెక్కి, మలుపు తిరిగి మాయమైంది. మేకలు కూడా కంగారు పడలేదు.

బస్సులో ఎవరూ నవ్వలేదు ఈసారి. నవ్వితేనే బాగుండేది. ఆ మౌనంలో నేను ఒక్కదాన్నే పిచ్చిదానిలా మిగిలాను.

“సూసేవా?” అన్నారు ప్రసాద్ బాబు గారు మెల్లగా. కోపంగా అన్నా బాగుండేది. “మేకలకున్న ధైర్యం మనకి లేదంటే ఎలాగమ్మా? ఈ పిల్ల ఉద్యోగం పోద్ది. రేపు ఆ మాట నువ్వు మోత్తావా?”

“మేడమ్ బోలో తో నికాల్ దూంగా,” అన్నాడు గులాం నబీ. మీరు చెబితే దాటించేస్తానంటున్నాడు. నేను చెబితే! ఆపినా నేనే, దాటించినా నేనే. రేపు బాగుంటే డ్రైవర్ మంచివాడు, బాగోకపోతే మేడమ్ చెప్పింది.

నిజం చెబుతున్నాను, ‘పోనీ వెళ్దాం’ అనడానికి నోరు తెరిచాను. మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడు ఒక సంగతి తట్టింది. నీళ్లు తగ్గాయని కాదు, ప్రమాదం లేదని నాకు నమ్మకం కుదిరీ కాదు, వాళ్ల ముఖాలు చూడలేక వెళ్దామంటున్నాను. ఇంతమందిని నీళ్లలోకి దింపడానికి నా దగ్గర ఉన్న కారణం అదొక్కటే. నామోషీ.

“వెళ్లొద్దు,” అన్నాను. గొంతు కీచుమంది. “గులాం భాయ్, బస్ పీఛే లో. ఊపర్.”

“వెనక్కా!” అని నాలుగైదు గొంతులు ఒక్కసారి లేచాయి. అవును, వెనక్కే. మేము నిలబడ్డ చోటు కూడా పల్లమే. గులాం నబీ నన్ను ఎగాదిగా చూసి, రివర్స్ వేసి, రోడ్డు ఎత్తెక్కిన మలుపు దాకా బస్సును వెనక్కి తీసుకెళ్లాడు. ఆ కొద్ది దూరంలో నా గురించి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ విన్నాను. ఒకావిడ తన భర్తతో ‘వచ్చే ఏడు రోస్టర్ కాదు, మనిషిని చూసి ఇవ్వాలి’ అంది, నాకు వినపడాలనే.

బస్సు ఆగాక కిందికి దిగి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. ఆవిడతో మాట్లాడాలంటే మామూలుగా ముందు రోజే మాటలు కాగితం మీద రాసుకుంటాను. సెలిన్ నా పక్కనే నిలబడి వింటోంది.

సెలిన్ ఈ రాత్రి డ్యూటీకి రాలేకపోతోందని, వాదీ పారుతోందని, బస్సు ఆపింది నేనని చెప్పాను. మెమో రాయాలంటే నా పేరు మీద రాయమన్నాను. నీళ్లు ఎంత లోతున్నాయని అడిగిందావిడ. మోకాలి కిందికే అన్నాను. మిగతా బండ్లు వెళ్తున్నాయా అంది. అబద్ధం చెప్పొచ్చు. ఒక్కటి వెళ్లిందన్నాను. ‘రేపు పొద్దున ఇద్దరూ నా గదికి రండి’ అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

“అయిపోయింది,” అంది సెలిన్. “నా బతుకు అయిపోయింది. మీకేంటక్కా, మీరు పాతుకుపోయారు. మీ భయానికి నా ఉద్యోగం తీసేశారు.”

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో నాకు దొరకలేదు.

అప్పుడు ప్రసాద్ బాబు గారు బస్సు దిగారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకున్నారు. “బస్సుని ఆపేవు సరే. మడుసుల్ని ఆపలేవు కదా. రా అమ్మా సెలిన్. సెయ్యట్టుకుని దాటిత్తాను. అవతల ఏ బండైనా ఎక్కించి పంపితే డ్యూటీ టయానికి ఎల్లిపోతావు.”

“అన్నయ్యా, వద్దు.”

“నువ్వు ఊరుకో జ్ఞానం.” మొదటిసారి ఆయన గొంతులో కటువు వినపడింది. “ముందు నేనెల్లి సూపిత్తాను. అప్పుడైనా నమ్ముతావేమో.”

ఆయన భార్యను మేము వదినా అంటాం. ఆవిడ కిటికీలోంచి “ఏవండీ, ఎందుకండీ ఇప్పుడు” అంది కానీ గట్టిగా అనలేదు. ఆయనకి ఎదురు చెప్పడం ఆవిడకీ అలవాటు లేదు. నాకెక్కడిది?

ఆయన రోడ్డు దిగి నీళ్లలోకి వెళ్లారు. సెలిన్ ఆయన వెనకే దిగింది. నేను సెలిన్ వెనక పరిగెత్తాను. నీళ్ల అంచున ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాను. విదిలించుకుంది. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన మాత్రం తడబడకుండా, సంతకి వెళ్తున్నట్టు నడిచి, అవతలి గట్టెక్కి, మా వైపు తిరిగి చేతులు పైకెత్తారు. పైన బస్సులోంచి చప్పట్లు వినిపించాయి. పిల్లలు ఈలలు వేశారు.

“వదలండక్కా!” సెలిన్ ఏడుస్తోంది. “చూశారు కదా! ఏమైంది ఆయనకి? వదలండి!”

ఏమీ కాలేదు. ఏమీ కాకపోవచ్చు కూడా. ఈ నీళ్లు ఇలాగే కాసేపు పారి ఆగిపోవచ్చు. అప్పుడు నేను ఒక పిల్ల ఉద్యోగం తీసేసిన పిరికిదాన్ని. జీవితాంతం అదే నా పేరు. ఆ నిమిషంలో అదే జరుగుతుందని నాకు తొంభై పాళ్లు అనిపించింది. అయినా ఆమె చెయ్యి వదల్లేకపోయాను. మిగతా పది పాళ్లలో కిందటేటి ఆ పిల్ల గొంతులోని బురద ఉంది.

నేను వదలనని అర్థమై, ప్రసాద్ బాబు గారు అవతలి నుంచి తలాడించి, మళ్లీ నీళ్లలోకి దిగారు. వచ్చి తనే సెలిన్‌ని తీసుకెళ్లాలని. నాలుగడుగులు వేశారో లేదో, కంబాల వైపు చూశాను. తడి ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టుకుని ఉన్నాను కాబట్టి తెలిసింది. నీళ్లు ఆ గుర్తు దాటాయి. రంగు కూడా మారింది. ఇందాకటి దాకా అడుగున రాళ్లు కనిపించేవి, ఇప్పుడు కనిపించడం లేదు.

“వెనక్కి వెళ్లు!” అని అరిచాను.

ఆయనకి వినపడలేదు, లేదా విన్నది నమ్మలేదు. ఇంకో అడుగు వేశారు.

“ప్రసాద్ బాబూ! నీకే చెప్తున్నా! ఒక్కడుగు వేశావంటే ఊరుకోను! వెనక్కెళ్లు! గట్టెక్కు!”

నా గొంతులో అంత చప్పుడుందని నాకు తెలియదు. చప్పట్లు ఆగిపోయాయి. సెలిన్ పెనుగులాడ్డం మాని నన్ను చూసింది. తండ్రంతటి మనిషిని నడి వాదీలో పేరు పెట్టి, ఏకవచనంలో కేకలేశాను. ఆయన నీళ్ల మధ్య నిలబడిపోయారు. ముఖం కందిపోయింది. భయపడి కాదు, ఒళ్లు మండి వెనక్కి తిరిగారు. విసవిసా నడిచి అవతలి గట్టు మీదికి వెళ్లి, నా వైపు వేలెత్తి ఏదో అనబోయారు.

అప్పుడు వినిపించింది. నీళ్ల చప్పుడు కాదది. లారీలోంచి కంకర దించుతున్నట్టుంది. ఎక్కడి నుంచో తెలియలేదు. సెలిన్‌ని ఈడ్చుకుంటూ పైకి పరిగెత్తాను. ఆమె చెప్పు జారిపోయింది, నేను ఆగనివ్వలేదు. ఎత్తు మీదికి వచ్చి తిరిగి చూసేసరికి వాదీ పై మలుపులోంచి వరద వచ్చేస్తోంది. ఎర్రగా, చిక్కగా, ముందు ఖర్జూరపు మట్టలు, ముళ్ల చెట్లు, రాళ్లు తోసుకుంటూ. మనిషెత్తు గోడలా వచ్చింది. మేము నిలబడ్డ చోటు మునిగింది. ఇందాక బస్సు ఆగిన చోటు మునిగింది. రంగుల కంబాలు కనిపించకుండా పోయాయి. మా గోదావరికిలా మొదటి హెచ్చరిక లేదు, రెండో హెచ్చరిక లేదు.

అవతల ప్రసాద్ బాబు గారు వేలు అలా ఎత్తే ఉంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ, రాళ్ల మీద పడి, లేచి, ఇంకా పైకి పాకారు. ఆయన చేతిలోని చెప్పులు నీళ్లలో పోయాయి.

వదిన బస్సు దిగి, రోడ్డు మీద కూలబడి, అవతలి గట్టు మీది మనిషినే చూస్తూ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. పిల్లల్ని తల్లులు ఒళ్లోకి లాక్కున్నారు. గులాం నబీ ‘యా అల్లా’ అని బస్సు టైరుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను బస్సు వెనక్కి వెళ్లి తిన్న బిర్యానీ అంతా కక్కేశాను. పిల్లల కోసం తెచ్చిన సంచులు గుర్తు రానేలేదు.

నోరు కడుక్కుని వచ్చేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. ఇందాకటి చూపులు కావు. ఇవి ఇంకా బరువుగా ఉన్నాయి. వచ్చే ఏడు మనిషిని చూసి ఇవ్వాలన్నావిడ బిడ్డను చంకనేసుకుని వచ్చి, “ఇప్పుడేం చేద్దామంటారు అక్కా?” అంది.

ఏం చేద్దాం? చీకటి పడేలోపు పైనున్న ఊరికి వెళ్లాలి. అక్కడ మలయాళీల కాఫీ షాపు ఒకటి చూశాం. పిల్లలకి ఏమైనా తినిపించాలి. పోలీసులకి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ చెప్పాను. వాదీ ఒడ్డునే నన్ను వదిలేస్తుందనుకున్న భయం బస్సెక్కి నాతోనే వస్తోంది.

సెలిన్ మాత్రం ఒంటి చెప్పుతో నిలబడి మణికట్టు చూసుకుంటోంది. నా గోళ్లు దిగి నెత్తురు వచ్చింది.

“రేపు ఆవిడ నన్ను తీసేస్తే?” అంది.

వరద ఫోటో తీసి సూపర్‌వైజర్‌కి అప్పటికే పంపాను. ఆవిడ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అంతా సర్దుకుంటుందిలే అనొచ్చు. ఒకసారి జాలిపడి ఇచ్చిన పూచీ చాలు.

“తెలీదే సెలిన్. తియ్యొచ్చు. నేను నీతో పాటు లోపలికొస్తాను. ముందు నేనే మాట్లాడతాను. అంతకు మించి నా చేతిలో ఏం లేదు.”

ఆమె నన్ను క్షమించలేదు. కృతజ్ఞతలూ చెప్పలేదు. నా చున్నీ అంచు లాక్కుని మణికట్టుకి చుట్టుకుంది, అంతే. ఆ చున్నీ నేను విప్పి ఇచ్చేశాను.

అందర్నీ ఎక్కిస్తుండగా నా ఫోన్ మోగింది. ప్రసాద్ బాబు గారు. తలెత్తి చూస్తే అవతలి గట్టు మీద, ఉత్త కాళ్లతో, ఒక రాయి మీద ముడుచుకుని కూర్చుని కనిపించారు. ఇంత దూరం నుంచి ఆయన చాలా చిన్నగా ఉన్నారు. నేను వేసిన కేకలు గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. క్షమించమని అడుగుదామనుకుంటూ ఫోన్ ఎత్తాను.

మధ్యలో నీళ్ల హోరు.

“జ్ఞానం,” అన్నారు. “నేనిక్కడ ఒక్కణ్ణే ఉన్నానమ్మా. సీకటడిపోతాంది. నాకు కాళ్లాడ్డం లేదు. ఏం సెయ్యమంటావు?”

ఆయన ఎవరినైనా ఆ మాట అడగడం నేనెప్పుడూ వినలేదు. నాకూ ఏం చెయ్యాలో పూర్తిగా తెలియదని ఆయనకి చెప్పాలనిపించింది. చెబితే తేలికపడేదాన్ని, ఆయన కుంగిపోయేవారు. మింగేశాను.

“ఇంకా పైకి వెళ్లి రోడ్డు మీద కూర్చోండన్నయ్యా. పోలీసులకి మీరున్న చోటు చెబుతాను. వదిన నా పక్కనే ఉంది. నీళ్లు తగ్గినట్టు కనిపించినా సరే, నేను చెప్పేదాకా కిందికి దిగొద్దు.”

“దిగనమ్మా,” అన్నారు. “నువ్వు సెప్పేదాకా దిగను. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు.”